బిల్లులో రానివాటికి మార్కులు

బండి వెనక కూర్చోండి. హెల్మెట్ బిగించారా? ఆ సంచీ మీ ఒళ్లో పెట్టుకోండి. అందులో ఓ గళ్ల నోటుపుస్తకం, రెండు పెన్నులు, ఒక స్టీలు చెంచా ఉన్నాయి. చెంచా ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇంకా అయిదున్నర కాలేదు. ధనుర్మాసం. రాజమండ్రి కోటిపల్లి బస్టాండులో తొలి బస్సులు ఇంజన్లు వేడెక్కించుకుంటున్నాయి. ఏదో గుళ్లో మైకు తిరుప్పావై అందుకుంది. గోదారి గట్టు మీంచి వచ్చే గాలికి చెవులు జివ్వుమంటున్నాయి. ఈ పూట మన పని ఇదీ: ఇక్కణ్ణించి రావులపాలెం, ఆపైన కోనసీమలోకి దిగి అంబాజీపేట, పి.గన్నవరం, రాజోలు మీదుగా వశిష్ఠ దాటి పాలకొల్లు. దారిలో టిఫిను తినడం, తిన్నచోటికి మార్కులు వేయడం. ప్లేటు ఖాళీ చేసి తీరాలన్న రూలేమీ లేదు గానీ, సగం వదిలేసి లేస్తే పెట్టినవాళ్ల మొహం చూడలేం. అందుకే ఎక్కడైనా ఇద్దరికీ కలిపి ఒక్క ప్లేటే చెబుదాం.

అదిగో, బస్టాండుకి కాస్త ఇవతల, వేపచెట్టు కింద నీలం రంగు బండి. మొగుడూ పెళ్లాలూ నడుపుతారు. ఆవిడ పొయ్యి దగ్గర, ఆయన ప్లేట్ల దగ్గర. ఇడ్లీ పాత్ర మూత సందుల్లోంచి ఆవిరి కక్కుతోంది.

"ఏం పెట్టమంటారండి?"

"ఒక ఇడ్లీ అండి, ఇద్దరికి. నెయ్యి, కారప్పొడి."

"కాస్త ఆగండి, వాయి దిగిపోద్ది."

వాయి దిగేలోపు చుట్టూ చూడండి. ఇద్దరు ఆటోవాళ్లు, మఫ్లరు చుట్టుకున్న ఓ కండక్టరు, పాల క్యాను పక్కన పెట్టుకుని నిలబడ్డ పెద్దాయన. లారీ డ్రైవర్లు తినే హోటలే మంచి హోటలని అందరూ చెబుతారు. నేను నమ్మను. లారీ ఆపుకోడానికి చోటున్న దగ్గర వాళ్లు తింటారు, అంతే. నేను చూసేది ఆ పాల క్యాను పెద్దాయన లాంటివాళ్లని. ఈయనకి ఇల్లు దగ్గరే ఉండి ఉంటుంది, ఇంట్లో టిఫినూ ఉంటుంది. అయినా ఇక్కడ నిలబడ్డాడు.

మూత తీసింది. ఆవిరి మీ కళ్లద్దాల్ని కప్పేసింది, తుడుచుకోండి. గుంటల రేకులు ఒక్కొక్కటీ పైకి లేపి బోర్లించి, తడిగుడ్డ మీద చెయ్యి తడుపుకుని ఒలిచేస్తోంది. అరిటాకు ముక్క మీద రెండు ఇడ్లీలు పడ్డాయి. తుంచి చూడండి. వేళ్లకి సన్నటి పలుకు తగులుతుంది. తమిళనాట బియ్యమూ మినప్పప్పూ రెండూ రుబ్బుతారు. మనవాళ్లు పప్పొక్కటే రుబ్బి, కడిగి పిండిన ఇడ్లీరవ్వ కలుపుతారు. తేడా ఆ పలుకులో ఉంది. పిండిని పొంగించేది లూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బ్యాక్టీరియా. దానికి చలంటే బద్ధకం. ఎండాకాలం ఏడెనిమిది గంటల్లో చేసే పని ఈ రోజుల్లో పన్నెండు గంటలైనా ముగించదు. ధనుర్మాసంలో ఇడ్లీ ఇంత తేలిగ్గా వచ్చిందంటే ఆవిడ నిన్న పొద్దు వాలకముందే రుబ్బి, పొయ్యి వెచ్చదనానికి దగ్గరగా గిన్నె పెట్టిందన్నమాట.

ఆగండాగండి, అప్పుడే ముంచకండి. ఇప్పుడు చెంచా తీయండి. చట్నీ ఒక్కటే, చెంచాతో, ఇడ్లీ తోడు లేకుండా.

ఇడ్లీ మంచిదైతే చట్నీ తప్పులన్నీ కప్పేస్తుంది. వేడివేడి ఇడ్లీతో ఏదైనా దిగిపోతుంది. విడిగా నాలుక మీద పడ్డప్పుడే దాని గుట్టు బయటపడేది. చూడండి, వేరుశనగపప్పు పొట్టు తీసింది, దోరగా వేగింది, పచ్చివాసన లేదు. పచ్చిమిర్చి నూనెలో మగ్గించి వేసింది. పుట్నాలపప్పు ఉంది గానీ, చిక్కదనం కోసం బస్తాలకొద్దీ కుమ్మలేదు. చింతపండు ఉందా లేదా అన్నట్టుంది. కొబ్బరి లేదు, ఉందని ఎవరూ చెప్పనూ లేదు.

నా పద్ధతి మీకిప్పుడు చెప్పాలి. ఇడ్లీకి నేను మార్కులు వెయ్యను. దానికి డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి అది బాగుండి తీరాలి. బాగోకపోతే అసలు పుస్తకమే బయటికి తీయను. నేను మార్కులు వేసేది బిల్లులో రానివాటికి: చట్నీకి, కారప్పొడికి, మంచినీళ్లకి, రెండోసారి అడిగినప్పుడు గరిటె కదిలే తీరుకి, ఓ మాటకి. హోటలు నడిపేవాడికి ఖర్చు తగ్గించాలనిపిస్తే మొదట చెయ్యి పడేది వీటి మీదే. ఇడ్లీ చిన్నదైతే గిరాకీ పోట్లాడతాడు. చట్నీ పలచనైతే గొణుక్కుని తినేస్తాడు. కొబ్బరికాయ ధర పెరిగిందంటే ఊరూరా చట్నీ గిన్నెలో నీళ్లు తేలతాయి. అంచేత ఓ హోటలాయన మనసేమిటో తెలియాలంటే, తగ్గించినా ఎవరూ అడగనిదాన్ని తగ్గించాడా లేదా అన్నది చూస్తే చాలు.

"చట్నీ వెయ్యనాండి?"

చూశారా, మనం అడగలేదు. ఆవిడ చూపు మన ఆకు మీదే ఉంది. మొదటిసారి వేసిన గరిటెకీ ఇప్పటి గరిటెకీ తేడా ఉందేమో గమనించండి. లేదు, నిండుగానే పడింది. రాసుకోండి: చట్నీ ఎనిమిది, రెండోసారి పది, నీళ్లు ఆరు. నీళ్లకి ఆరెందుకంటే క్యాను నీళ్లు బాగానే ఉన్నాయి గానీ, గ్లాసులు ముంచి తీసే బకెట్టు నాకు నచ్చలేదు.

పోదాం పదండి.

ధవళేశ్వరం దాటాం. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, దాని చోట ఇప్పుడు బ్యారేజీ ఉంది. ఆ నీళ్లే లేకపోతే ఈ డెల్టాకి ఇంత బియ్యమూ లేదు, మన చేతిలో ఈ నోటుపుస్తకమూ ఉండేది కాదు. వేమగిరి దగ్గర హైవే ఎక్కాం. కడియపులంక నర్సరీలు మంచులో నానుతున్నాయి. రెండువైపులా కుండీలు, బంతిమొక్కలు, వేళ్లకి గోనెపట్టా కట్టిన పెద్ద చెట్లు.

చలికి మాటలు కావాలి కాబట్టి మిషెలిన్ సంగతి చెబుతా. టైర్ల కంపెనీయే. 1900లో ఫ్రాన్సులో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటట్టు ఉన్న రోజుల్లో, జనం కార్లలో తిరిగితేనే టైర్లు అరుగుతాయని మిషెలిన్ అన్నదమ్ములు ఓ గైడు అచ్చువేసి ఊరికే పంచారు. దాన్లో పెట్రోలు దొరికే చోట్లు, మెకానిక్కులు, బస, భోజనం అన్నీ ఉండేవి. భోజనానికి నక్షత్రం ఇవ్వడం 1926లో మొదలైంది. మూడు నక్షత్రాలంటే ఆ హోటలు కోసమే పనిగట్టుకుని ప్రయాణం చేయొచ్చని అర్థం. వాళ్ల ఇన్‌స్పెక్టర్లు తామెవరో చెప్పరు, బిల్లు తామే కడతారు. నేను వాళ్ల దగ్గర తీసుకున్నవి ఆ రెండు అలవాట్లే. ఎవరైనా గుర్తుపట్టి "డబ్బులొద్దండీ" అన్నారంటే ఆ పూట ఆ హోటలుకి మార్కులు లేవు. ఇవాళా రేపూ ఫోన్లు పట్టుకుని వచ్చి, ప్లేటు నిండా పెట్టించుకుని, కెమెరా ముందు ఓ ముక్క కొరికి, "వేరే లెవెల్" అని వెళ్లిపోయేవాళ్లని చూస్తుంటే ఆ టైర్లవాళ్ల మీద గౌరవం పెరుగుతోంది.

జొన్నాడ దాటి గౌతమి వంతెన ఎక్కుతున్నాం. కిందికి చూడకండి, పొగమంచు తప్ప ఏమీ కనబడదు. అవతలి ఒడ్డు రావులపాలెం. అరటి మార్కెట్టుకి గెలలు మోసుకొస్తున్న సైకిళ్లు వరస కట్టాయి. తొక్కేవాడు కనబడడు, గెలలే నడిచొస్తున్నాయి.

ఇక్కడ హైవే పక్కన ఓ పెద్ద హోటల్లో ఆగుదాం. పేరు రాయను. గాజు తలుపు, యూనిఫాం వేసుకున్న కుర్రాడు, బల్ల మీద రెండుచేతుల వెడల్పు మెనూ. పెసరట్టే పాతికరకాలు. విజయవాడ గాంధీనగర్‌లో బాబాయి హోటలు 1942 నుంచి ఇడ్లీ, దాని మీద వెన్నపూస అన్న పేరుతోనే నడిచింది. ఇక్కడ చీజ్ పెసరట్టు, పనీర్ పెసరట్టు, షెజ్వాన్ పెసరట్టు. మనం ఉప్మా పెసరట్టు చెబుదాం.

పెసరట్టు హోటలువాళ్లని పట్టిచ్చేస్తుంది. ఇడ్లీపిండి పులిస్తేనే ఇడ్లీ. పెసరపిండి పులియకూడదు. నానిన పెసలు అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బాక ఆ పిండికి ఆయుష్షు తక్కువ. నిలవున్న కొద్దీ పచ్చరంగు మాసిపోయి, అట్టు పెనం మీదే జీవం లేకుండా పడుతుంది. వచ్చిందండీ. రంగు చూడండి. ఇది ఇవాళ్టి పిండి కాదు. సరే, పుస్తకం తియ్యొద్దు. అయినా చెంచా ఉంది కదా, అల్లంపచ్చడి రుచి చూడండి. అల్లం కన్నా బెల్లం ఎక్కువ. కొబ్బరి చట్నీ చిన్న స్టీలు గిన్నెలో కొలిచి పోశారు. మళ్లీ అడిగితే?

"ఎక్స్‌ట్రా చట్నీకి చార్జి ఉంటుంది సార్."

గోడ మీద రాసి కూడా ఉంది. దాచిపెట్టలేదు, అది వాళ్ల నిజాయితీ అనుకుందాం. కౌంటరు వెనక ఆహార భద్రత లైసెన్సు పద్నాలుగంకెల నంబరుతో వేలాడుతోంది. అది ఉండాల్సిందే. గారెల మూకుడు వైపు ఓ చూపు వేసి రండి. నూనె కాఫీ డికాషన్ రంగుకి వచ్చిందా? వేయించిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే పారబొయ్యాలని 2018 నుంచి రూలుంది. అది కొలిచే పరికరం మన దగ్గర లేదు, కళ్లూ ముక్కూ ఉన్నాయి. నేనైతే ఇక్కడ గారె తినను. బిల్లు కట్టేశాను, లేవండి.

కొత్తపేట మీదుగా పోతుంటే హైవే మోత వెనకబడింది. కాలవ మన పక్కనే వస్తోంది. ఎండ కొబ్బరి మట్టల మధ్యనుంచి పడుతోంది. ఇళ్ల ముందు గొబ్బెమ్మలు, బంతిపూలు. ఎనిమిదవుతోంది. అంబాజీపేటలో అడుగు పెట్టగానే కొబ్బరికాయల గుట్టలు కనిపిస్తాయి. కాయ ఒలిచేవాళ్లు నేలలో పాతిన గునపం మొనకి కాయని గుచ్చి మూడు తిప్పుల్లో డొక్క ఊడదీస్తున్నారు. కొబ్బరికి రాష్ట్రంలో ధర పలికే ఊళ్లలో ఇదొకటి. ఇక్కడ కొబ్బరి చట్నీ పలచగా పోస్తే ఊరు ఊరుకోదు. అందుకని చట్నీ మార్కులు ఇక్కడ కాస్త పిసినారిగా వేస్తాను. రాజమండ్రిలో ఎనిమిదికి తగింది ఇక్కడ ఆరు.

మనం వచ్చింది పొట్టిక్కల కోసం. ఇదే హోటలు. పెంకుటిల్లు, ముందు రేకుల పంచ, నాలుగు బల్లలు. మూలన కూర్చున్నావిడని చూడండి. ఒళ్లో పనసాకులు, పక్కన కొబ్బరి ఈనెలు విరిచిన కట్ట. నాలుగాకులు ఒకదానిమీదొకటి అడ్డంగా నిలువుగా పరిచి, అంచులు మడిచి, ఈనె గుచ్చి, మళ్లీ మడిచి, మళ్లీ గుచ్చి... బుట్ట తయారైంది. మీరు ఫోను తీసేలోపు ఇంకోటి కుట్టేసింది. ఆకు మరీ లేతదైతే ఆవిరికి వాలిపోతుంది, మరీ ముదిరితే మడతలో విరుగుతుంది. చెట్టు దగ్గరే ఏరి కొయ్యాలి. ఆ బుట్టలో ఇడ్లీపిండే పోసి ఆవిరి మీద పెడతారు. ఇడ్లీరేకులో కన్నా మందంగా ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు ఉడకాలి.

"రోజూ ఎన్ని కుడతారండి?"

"ఎన్నంటే ఏం చెప్పనండి. ఇంటికాడ మా కోడలు కూడా కుడతది. పిండయ్యేదాకా బుట్టలుండాలి కదండి."

మన ముందు బుట్టతో సహా పెట్టారు. ఈనె లాగేసి ఆకు విప్పండి. ఒక్కొక్క మడతా విప్పుతుంటే పనసాకు వాసన మొహాన్ని తాకుతుంది. పొట్టిక్క ఒంటి మీద ఆకు ఈనెల గుర్తులు పడ్డాయి, వేలితో తడిమి చూడండి. వాసన తీపి కాదు, పచ్చిదీ కాదు. అడుగున కూడా ఉడికింది, పిండి ముద్ద తగల్లేదు. చెంచా తియ్యండి. తెల్లటి చట్నీ. కొబ్బరి కోరుగా తగులుతోంది, పుట్నాలు పేరుకే ఉన్నాయి, పోపులో కరివేపాకు కరకరలాడుతోంది. ఇంకా ఆగండి, అల్లంపచ్చడి కూడా వేశారు. కారప్పొడి మీద నెయ్యి పోశారు. పూస కట్టిన నెయ్యి, వేడి పొట్టిక్క మీద పడగానే కరిగి పాయలుగా జారుతోంది. మాట్లాడకుండా తిందాం కాసేపు.

ఇప్పుడు పుస్తకం తీయండి. చట్నీ తొమ్మిది. ఈ ఊళ్లో తొమ్మిదంటే నా నుంచి చాలా ఎక్కువ. ఇంకో గడి ఉంది, దానికి పేరు లేదు. చెట్టెక్కి కోసినవాడు, కుట్టినావిడ, ఈనెలు చీల్చిన పిల్ల, ఇంతమంది చేతుల మీదుగా వచ్చిన ఆ బుట్ట ఇప్పుడు మీ కాళ్ల దగ్గర తట్టలో పడుంది. గేదెకి వేస్తారు. బిల్లు మీద పొట్టిక్కలని మాత్రమే ఉంది. ఇదే పిండి స్టీలు గిన్నెల్లో పోసి దించితే పని పదోవంతుకి తగ్గుతుంది, చాలామందికి తేడా తెలియను కూడా తెలియదు. ఆ గడిలో పది వేసెయ్యండి.

ఒక్క ఫిర్యాదు ఉంది. కాఫీ. కోనసీమలో ఎందుకో కాఫీని పాయసం చేసేస్తారు. అందుకే టీ చెప్పాను. అదీ తియ్యగానే ఉంది. దీనికి మార్కులు అడక్కండి.

"ఎక్కణ్ణుంచండి తవరు?" అంటున్నాడు కౌంటరు దగ్గరాయన.

"రాజమండ్రండి. పాలకొల్లు పోతున్నాం."

"పాలకొల్లా? అయితే కడుపులో చోటుంచుకోవాల్సిందండి. రొట్టి తినాలి కదండి మరి!"

పి.గన్నవరం. ఇక్కడ వైనతేయ మీద కాలవే నదిని దాటుతుంది. నది కింద, కాలవ నీళ్లు పైన. ఆ పాత రాతి కమానులు కాటన్ కాలంవి. పక్కనే 2000లో కట్టిన కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. బండి ఓ నిమిషం ఇక్కడ ఆపుతా. లంకల గన్నవరంలో 1909లో పోయేదాకా ఆవిడ వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టింది. కులమేదని అడగలేదు, వేళ కాదనలేదు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకలకి ఆవిడ ఫొటో కావాలని దొరలు కబురంపారనీ, ఆవిడ మొహమాటపడిందనీ ఈ జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ పంక్తికి మార్కులెలా వేస్తారు? నా పద్ధతి ప్రకారం బిల్లులో రానివాటికే కదా మార్కులు. అక్కడ బిల్లే లేదు. అంటే ఆకు, అన్నం, పప్పు, మజ్జిగ, అన్నిటికీ వెయ్యాలి. ఈ నోటుపుస్తకం గళ్లు దానికి చాలవు.

ఆ అలవాటు వాసన ఈ వైపు హోటళ్లలో ఇంకా అక్కడక్కడా ఉంది. కాకినాడలో సుబ్బయ్యగారి హోటలుకి వెళ్లారా? కూర్చున్నాక కొసరి కొసరి వడ్డిస్తారు, చాలంటే వినరు. ఆ పేరు చెప్పుకునే ఇప్పుడు బుట్టభోజనాలు ఊళ్లు దాటి పోతున్నాయి. బుట్టలో పదార్థాలన్నీ వస్తాయి, కొసరు మాత్రం రాదు.

రాజోలు దాటాం. దిండి దగ్గర ఎడమచేతి వైపు చెరువులు, రొయ్యల మేత వాసన. చించినాడ వంతెన మీద గాలి తోసేస్తోంది, గట్టిగా పట్టుకోండి. వశిష్ఠ ఇక్కడ సముద్రం దగ్గరపడ్డ తీరులో విశాలంగా ఉంది. అవతలికి దిగితే పశ్చిమ గోదావరి. దూరంగా క్షీరారామం గోపురం కనిపిస్తోందే, అదే పాలకొల్లు. పంచారామాల్లో ఒకటి. సినిమావాళ్ల ఊరు కూడా. అల్లు రామలింగయ్య, దాసరి, కోడి రామకృష్ణ ఇక్కడివాళ్లే. పది కావస్తోంది. నేను కావాలనే ఈ వేళకి తెచ్చాను మిమ్మల్ని. ఏ హోటలైనా ఏడింటికి బాగానే ఉంటుంది. దాని గుణం తెలిసేది పదిన్నరకి, గిన్నె అడుగున గరిటె గీసుకునే వేళకి.

ఈ సందులో ఆపుతున్నా. టీకొట్టంత ఉంది కదూ? లోపలికి రండి. దిబ్బరొట్టె ఇక్కడ రొట్టి. మినప్పిండి, బియ్యపురవ్వ, జీలకర్ర, ఉప్పు. దళసరి ఇనప మూకుడులో నూనె కాగాక రెండంగుళాల మందాన పిండి పోసి, మూత పెట్టి, సెగ తగ్గించేస్తారు. ఆపైన చెయ్యగలిగింది కూర్చోవడమే. అట్టులాగా తిప్పి పడెయ్యడానికి లేదు. తొందరపడితే అడుగు మాడుతుంది, నడుమ పిండి పచ్చిగా ఉంటుంది. మన వంతు రావడానికి ఇరవై నిమిషాలంటున్నాడు. కూర్చుందాం.

పక్క బల్ల మీద తాతగారు పేపరు చదువుతున్నారు. మన నోటుపుస్తకం కేసి ఓరకంట చూస్తున్నారు.

"ఏం రాస్తన్నారు బాబూ?"

"ఎక్కడేం తిన్నామో లెక్కండి."

"తిన్నది లెక్కెడితే అరగదు నాయనా."

ఈయన మాటకి పది వేద్దామా? వద్దులెండి, ఆయన హోటలువాడు కాదు.

మూత తీశారు. అట్లకాడ అంచుల చుట్టూ తిప్పి, మొత్తం ఒక్కసారిగా పళ్లెంలోకి బోర్లించారు. చప్పుడు విన్నారా? ఠక్‌మంది. అడుగు ఎర్రగా, గాజుపెంకు గట్టిదనంతో కాలింది. కత్తితో నాలుగు చేశారు. లోపల తెల్లగా, గుల్లగా, పొగలు. అంచు ముక్క విరిచి ముందు వట్టిదే తినండి, కరకరలాడనివ్వండి. ఇప్పుడు కొబ్బరిచట్నీతో. ఇప్పుడు ఆ చిన్న గిన్నెలోది చూడండి. చెరుకుపానకం. బెల్లం గట్టిపడక ముందరి పాకం, తేనెరంగులో జారుతోంది. కొత్తవాళ్లు ఉప్పురొట్టెకి పానకమేమిటని మొహం చిట్లిస్తారు. ముంచండి. కాలిన మినుము చేదు అంచుకి ఆ తీపి ఎలా అతుక్కుందో చెప్పమంటే చెప్పలేను, ఇంకో ముక్క ముంచడం తప్ప.

చెంచా? పానకానికి చెంచా అక్కర్లేదు. చట్నీ రుచి చూద్దాం. పదింబావు. గిన్నె అడుగున ఉన్నది మనకి పడింది. నీళ్లు కలిపారా? లేదు. పొద్దుటి చిక్కదనమే ఉండి ఉండాలి. కాస్త బిరుసెక్కింది, కొబ్బరి ఆరిపోయిన రుచి కొద్దిగా తగిలింది. ఏడు వేస్తాను. మీరు ఎనిమిదంటారా? నీళ్లు కలపకపోవడానికి ఓ మార్కు కలపాలంటారు. అది ఏడులో ఉంది. సరే, మీ గడిలో ఎనిమిది రాసుకోండి, నా గడి జోలికి రాకండి.

పానకం రెండోసారి అడుగుదాం. ఇదే అసలు పరీక్ష. చట్నీ అయితే అలవాటుగా వేసేస్తారు, పానకం ఖరీదు.

"కొంచెం పానకం..."

"ఎయ్ రా ఆళ్లకి. గిన్నెడెయ్, ముక్క చాలా ఉంది."

మన ప్లేటులో ఇంకెంత రొట్టె మిగిలిందో కౌంటరు దగ్గర్నుంచే చూసి, దానికి సరిపడా పోయించాడు. ఎక్కువ పోస్తే వృథా, తక్కువ పోస్తే ముక్క వట్టిదైపోతుంది. పది. దీన్లో మీతో పేచీ లేదనుకుంటా.

బిల్లు కడుతుంటే ఆయన అడిగాడు. "ఎలా ఉందండి?"

"రొట్టి బెమ్మాండం అండి. చట్నీ కాస్త ఆరింది."

మీరు నన్ను గిల్లక్కర్లేదు. అడిగాడు, చెప్పాను. ఆయనకి కోపం రాలేదు.

"ఆరద్దండి మరి, తెల్లారగట్ట నాలుగింటికి రుబ్బిందాయె. ఆరింటికి రండి ఈసారి." చిల్లర లెక్కపెడుతూ ఆగి, గడ్డంతో ఎదర రోడ్డు చూపించాడు. "పెసరట్టు తిన్నారా? ఆ పచ్చ తలుపు కొట్టుంది చూడండి, అక్కడ తినండి. మాకాడ అట్టు పోస్తాం గానీ, ఆళ్లలాగా రాదండి."

వ్యాపారం చేసేవాడు ఎదుటికొట్టుకి గిరాకీని పంపడానికి నా పుస్తకంలో గడి లేదు. పక్కన ఖాళీ స్థలంలో రాసుకోండి, ఇంటికెళ్లాక ఆలోచిద్దాం. కడుపులో చోటు లేదా? నాకూ లేదు. పొద్దున హైవే మీద ఆ మాసిన పెసరట్టు నోట్లో ఇంకా ఉంది, దాన్ని కడిగెయ్యాలి. పదండి, ఒక్కటి చెప్పి సగం సగం తిందాం.

పచ్చ తలుపు కొట్టు. పెనం ఉంది, చల్లారుతోంది. ఒకావిడ చీపురుకట్ట తడిపి పెనం రుద్దుతోంది. బల్లలు తుడిచేశారు.

"ఒక పెసరట్టండి."

"పిండైపోయిందండి బాబూ. రేపు రండి, ఆరింటికల్లా ఉంటది."

"కొంచెం కూడా లేదాండి? మేం రాజమండ్రి నుంచి వచ్చాం."

"నానబెట్టిన పెసలున్నాయండి, కానీ అయ్యి రేపటికి. ఇప్పుడు రుబ్బితే రేప్పొద్దున్న ఏం పొయ్యను?"

పుస్తకంలో కొట్టు ఎక్కడుందో రాయండి, పచ్చ తలుపని గుర్తు పెట్టండి. మార్కుల గడి దగ్గర ఆగిపోయారేం? తినని అట్టుకి ఎంత వెయ్యాలో నాకూ తెలీదు. "పిండి లేదంది" అని రాసి ఉంచండి. హైవేవాళ్లకైతే ఎప్పుడూ ఉంటుంది.

"టీ అయినా ఉందాండి?"

"టీకేవుందండి, పొయ్యారలేదు. కూకోండి, పంచదార తక్కువెయ్యనా?"